ఎడమవైపు కుర్చీ

అక్టోబర్ 14

10:40కి తమ్ముడు బతిస్తే పడిపోయాడు. తన బొమ్మల వర్క్‌షాపులో.

బల్ల దగ్గర ముగ్గురం ఉన్నాం. బతిస్తే, రంగులు వేసే ఫీనా, నేను. రొట్టెలు, వేయించిన చేప, పల్లీలు, ఆలివ్ కాయలు, రోజూ ఉండేవే. తమ్ముడు టమాటా ముక్క మీదికి "ఉప్పు" అన్నాడు. ఫీనా డబ్బా అందించింది. వాడు పట్టుకోలేదు. అది కింద పడింది.

"ఏంటి మేస్త్రీ, పొద్దున్నే చేతులు జారుతున్నాయా?" అంది ఫీనా. నవ్వింది. నేనూ నవ్వాను. ఎంతసేపు నవ్వామో తెలియదు.

అంబులెన్సు 10:52. ఆసుపత్రి 11:15. మొదటి లక్షణం ఎన్నింటికి కనిపించిందని డాక్టరమ్మ అడిగింది. ముప్పై ఒక్క ఏళ్ళు పత్రికకి ప్రమాదాలూ కోర్టు కేసులూ రాశాను. ఆ ప్రశ్న అడిగేది ఎప్పుడూ నేనే. 10:40 అని చెప్పాను. ఇప్పుడు ఆలోచిస్తే 10:30 కూడా కావచ్చు.

అక్టోబర్ 15

మెదడులో ఎడమవైపు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట.

వయసు 51.

అక్టోబర్ 17

మాట్లాడాడు. "ఉప్పు" అన్నాడు.

నర్సు, "ఉప్పు వద్దండీ, మీకు బీపీ" అంది. వాడు ఎడమ చెయ్యి కిటికీ వైపు చూపిస్తూ "ఉప్పు, ఉప్పు" అని అరిచాడు. కర్టెన్ తీయమని. తీశాను. "ఉప్పు," అన్నాడు, ఈసారి నెమ్మదిగా, థాంక్స్ చెప్పినట్టు.

ఒక్క మాట ఇలా ఇరుక్కుపోవడం ఉంటుందట. మిగతావి రావచ్చట, రాకపోవచ్చట. ఏది ఎక్కువగా జరుగుతుందని అడిగాను. "ఒక్కో మనిషికి ఒక్కోలా" అంది డాక్టరమ్మ. ఎవరైనా నాకు ఇలాంటి జవాబిస్తే నేను అచ్చు వేసేదాన్ని కాదు.

కుర్చీ మంచానికి ఎడమపక్కన వేసుకున్నాను. వెలుగు అటు నుంచి వస్తోంది. ముఖం మామూలుగానే ఉంది.

అక్టోబర్ 26

పన్నెండు రోజుల తర్వాత వర్క్‌షాపు తలుపు తీశాం. పెద్ద బొమ్మ తల, బతిస్తే సెప్టెంబరంతా కూర్చుని చేసిన మట్టి నమూనా, నుదుటి నుంచి గడ్డం దాకా చీలిపోయి ఉంది. పచ్చి మట్టి. మీద తడిగుడ్డ ఆరకూడదు. గుడ్డ అట్టలా గట్టిపడిపోయింది.

"నువ్వు తడుపుతున్నావనుకున్నా అక్కా."

"నువ్వు తడుపుతున్నావనుకున్నా."

ఫీనా చీలికలో వేలు పెట్టి చూసింది. వేలు మొత్తం పట్టింది.

అక్టోబర్ 27

ఒప్పందం కాగితం చదివాను. కూడలి సంఘానికీ బతిస్తేకీ మధ్య. మార్చి 15న కూడలిలో ఫాయా, అంటే పండుగ బొమ్మల గుంపు, నిలబెట్టాలి, 19న సంఘం కాలుస్తుంది. ఎత్తు పదకొండు మీటర్లు. విషయం: మాటలమ్ముకునే వ్యాపారి. సీసాల్లో వాగ్దానాలు పోసి అమ్ముతూ నవ్వుతుంటాడు.

తొమ్మిదో క్లాజు: పెద్ద బొమ్మను మేస్త్రీ స్వహస్తాలతో చేయాలి. జనవరి 31కి పని సాగకపోతే సంఘం ఇంకో వర్క్‌షాపుకు ఇచ్చుకోవచ్చు.

ఆ కూడలికి వాడు ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్నాడు. పెళ్లి లేదు. పిల్లలు లేరు. ఆస్తంటే రేకుల షెడ్డు. ఆ కూడలి ఇంకొకడికి వెళ్తే వాడికి ఏం మిగులుతుందో రాయబోయి ఆపాను. ఊహలు రాయకూడదు.

జనవరికల్లా చెయ్యి వచ్చేస్తుంది.

నవంబర్ 5

ఫీనా వాళ్ళాయన ఎలాది కట్టుడు పళ్ళు చేస్తాడు. ఇప్పుడు మైనం మీద కాదు, కంప్యూటరులో. తెర మీద పన్ను చెక్కి ఫైలు పంపితే మిషను దాన్ని కోసి ఇస్తుంది. ఈ ఊళ్ళో సగం ఫాయా వర్క్‌షాపులు తలల్ని అలాగే చేస్తున్నాయట: ఫైలు పంపితే రోబో చెయ్యి థర్మోకోల్ దిమ్మెల్లోంచి తలను కోసి ఇస్తుంది. బతిస్తే ఏనాడూ ఒప్పుకోలేదు. "నా మట్టికి ప్లగ్గు అక్కర్లేదు" అనేవాడు.

"నేను నేర్చుకుంటా," అన్నాను.

ఎలాది నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "మీరా? మీ వాట్సాప్‌లో ఫోటో పెట్టింది నేనేగా రిపోర్టరమ్మా."

"ఎన్ని రోజులు పడుతుంది?"

"పన్ను చెయ్యడానికి వారం. మనిషిని చెయ్యడానికి..." ఫీనా వైపు చూశాడు. "నాకు పళ్ళే వచ్చు."

నవంబర్ 9

మూడు సాఫ్ట్‌వేర్లు పరీక్షించాను. మూడింట్లోనూ అవే పనులు: గుడ్డు, చెవి, ముక్కు. పక్కన గడియారం పెట్టుకుని.

మొదటిది ఎలాది వాడేది. పన్ను అద్భుతంగా వస్తుంది. చెవి పెడితే అదీ పన్నులాగే వచ్చింది.

రెండోది జీబ్రష్. శిల్పులు దీన్నే పొగుడుతున్నారు. నిజమే, తెర మీద గీసే కలం కింద మట్టి కదిలినట్టే ఉంది. అయితే బటన్లన్నీ ఎక్కడ దాక్కున్నాయో తెలుసుకోవడానికే నాకు రెండు రోజులు పోయాయి. జనవరి 20కి ఫైలు పంపాలి. నా దగ్గర డెబ్బై రెండు రోజులున్నాయి.

మూడోది బ్లెండర్. ఉచితం. చెక్కడం అందులోనే, రంగు, దీపం, ఫోటో తీయడం కూడా అందులోనే. సంఘానికి ముందుగా బొమ్మ ఎలా ఉంటుందో చూపించాలి కదా. మూడోదే తీసుకున్నాను.

ఎలాది మొదటి పాఠం: "ఈ అద్దం గుర్తు చూశారా? ఇది వెలిగి ఉంటే మీరు సగం చేస్తే చాలు, మిగతా సగం అదే చేసుకుంటుంది. మనుషులు రెండు పక్కలా ఒక్కలాగే ఉంటారుగా."

సగం పని తగ్గింది. మంచి వార్త.

నవంబర్ 12

ఆరు గంటలు కూర్చున్నాను. బంగాళాదుంప వచ్చింది.

నవంబర్ 13

బంగాళాదుంపకు కళ్ళు వచ్చాయి.

నవంబర్ 19

బతిస్తేని వ్యాయామాల కేంద్రానికి మార్చారు. కర్ర పట్టుకుని ఐదు అడుగులు. ఇక్కడ కూడా ఎడమపక్కనే కూర్చున్నాను. బెల్లు అటే ఉంది, నర్సును పిలవడానికి వీలుగా. ముఖం మామూలుగానే ఉంది.

నవంబర్ 24

నోటి దగ్గర ఆగిపోయాను. వ్యాపారి నవ్వాలి. బతిస్తే ఏ నవ్వే బొమ్మ చేసినా అద్దంలో తన నోరే చూసి చేస్తాడు. కూడలిలో అందరికీ తెలుసు. ప్రతి మార్చిలో ఈసారి ఏ బొమ్మకు బతిస్తే నోరు పెట్టాడా అని వెతుకుతారు. ఒక ఏడు బిషప్పుకు పెట్టాడు. ఒక ఏడు దున్నపోతుకు.

కాబట్టి ఈసారీ వాడి నోరే కావాలి. వాడి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఫోన్‌లో ఫోటోలు తీస్తున్నాను. వెలుగు బాగున్నప్పుడు. ఇప్పటికి ఇరవై ఒకటి.

డిసెంబర్ 3

ఇవాళ ఒక పని చేశాను. చేసినట్టు రాసి పెట్టాలి.

తల దాదాపు పూర్తయింది. రంగు వేసి, వెనక కూడలి ఫోటో పెట్టి, ఎండ పెట్టి, కంప్యూటరును వదిలేసి కాఫీ తాగి వచ్చాను. వచ్చేసరికి వ్యాపారి కూడలిలో నిలబడి ఉన్నాడు. నీడ కూడా సరైన వైపే పడింది. బాల్కనీ ఇనుప చువ్వల నీడ వాడి భుజం మీద పడింది. కాసేపు నమ్మలేకపోయాను. లేని మనిషి, లేని మధ్యాహ్నం, ఫోటో మాత్రం ఉంది.

సంఘం అధ్యక్షుడు వోరోకి పంపాను. డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు, అనుమానం ఎక్కువ. "మేస్త్రీ పని సాగుతోంది. ఫోటో పంపుతున్నాను" అని రాశాను.

అందులో రెండు వాక్యాలున్నాయి. రెండూ అబద్ధం.

డిసెంబర్ 4

వోరో జవాబు: "అద్భుతం రెమెయి గారూ! మేస్త్రీకి నా సలాములు చెప్పండి. సంఘం పుస్తకంలో అచ్చుకు పంపేశాను."

ముప్పై ఒక్క ఏళ్ళలో నేనిచ్చిన ఏ ఫోటోకీ సవరణ వేయాల్సి రాలేదు.

డిసెంబర్ 11

ఫీనా తెర ముందు చాలాసేపు కూర్చుంది.

"ఎలా ఉంది?"

"బాగుంది అక్కా."

"నిజం చెప్పు."

"నవ్వుతున్నాడు. కానీ నాకెందుకో భయమేస్తోంది. శవాన్ని కూర్చోబెట్టి నవ్వించినట్టుంది."

ఎలాది దగ్గరికి వచ్చి చూశాడు. "పళ్ళు మాత్రం ఫస్ట్ క్లాస్."

"నువ్వూరుకో."

ఎక్కడ తప్పుందో ముగ్గురికీ తెలియలేదు. కొలతలు సరిగ్గానే ఉన్నాయి. మళ్ళీ కొలిచాను. సరిగ్గానే ఉన్నాయి.

డిసెంబర్ 18

ఆదివారం. కంప్యూటరూ కలమూ తీసుకుని కేంద్రానికి వెళ్ళాను. ఇవాళ్టిదాకా బతిస్తేకి చెప్పలేదు. మట్టి పగిలిన సంగతి కూడా చెప్పలేదు. బల్ల మీద తెర పెట్టాను.

చూశాడు. బొమ్మను తిప్పమని చేత్తో సైగ చేశాడు. తిప్పాను. ముందువైపుకు రాగానే "ఉప్పు" అన్నాడు. ఆ గొంతు నాకు తెలుసు. ఫీనా రంగు తప్పు కలిపినప్పుడు అలాగే అరుస్తాడు.

"ఏంట్రా? ఎక్కడ?"

"ఉప్పు!" ఎడమ చేత్తో నా చేతిలోంచి కలం లాక్కున్నాడు. ప్రాథమిక పాఠాలు కూడా ఎవరూ చెప్పలేదు వాడికి. నేను పట్టుకోవడం చూసి పట్టుకున్నాడు. నోటి కుడి మూల మీద కలం పెట్టి కిందికి లాగాడు.

రెండు మూలలూ దిగిపోయాయి.

ఒక్క లాగుడుతో నవ్వే ముఖం ఏడ్చే ముఖమైంది. వాడు కలం విసిరేశాడు. అది రేడియేటర్ కిందికి పోయింది. ముఖం చేత్తో కప్పుకున్నాడు. నా తమ్ముడు ఏడవగా చూసింది అమ్మ పోయిన రోజునే. ఆ రోజు కూడా గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

నేల మీద పడుకుని కలం తీస్తుండగా అర్థమైంది. అద్దం గుర్తు. నవంబర్ 9 నుంచి వెలిగే ఉంది. నేను ఎడమ సగమే చేశాను. కుడి సగం మిషను చేసింది.

గుర్తు ఆర్పేశాను. వాడు చేసింది వెనక్కి తీశాను. కలం మళ్ళీ చేతికిచ్చాను. "ఇప్పుడు లాగు," అన్నాను.

లాగాడు. కుడి మూల ఒక్కటే దిగింది. తర్వాత కుడి బుగ్గ. తర్వాత కుడి కనురెప్ప, కొంచెమే. ఎడమవైపు పగలబడి నవ్వుతూనే ఉంది. పది నిమిషాలు పట్టింది. పూర్తయ్యేసరికి తెర మీద బతికున్న మనిషి ఉన్నాడు. నన్నే చూసి నవ్వుతున్నాడు.

"ఇదెవరు?" అని అడిగాను. నిజంగానే అడిగాను.

బతిస్తే కలంతో తనను తాను చూపించుకున్నాడు.

డిసెంబర్ 18, ఇంకా

బస్సులో ఫోన్ తీసి చూశాను. అక్టోబర్ నుంచి వాడి ఫోటోలు నలభై రెండు. ఒక్కొక్కటీ చూశాను. తర్వాత మొదటి నుంచి మళ్ళీ చూశాను.

నలభై రెండూ ఎడమవైపు నుంచే.

డిసెంబర్ 19

"ముఖం మామూలుగానే ఉంది" అని ఈ పుస్తకంలో రెండుసార్లు రాశాను. ఎవరూ నన్ను అడగలేదు. నేనే రాశాను. సంతకం కూడా అక్కర్లేదు, చేతిరాత నాదే.

జనవరి 8

వోరో చెప్పకుండా వర్క్‌షాపుకు వచ్చాడు. తెర మీద తల ఉంది.

ముందు నవ్వు మొదలుపెట్టాడు, ప్రతి ఏడూ బతిస్తే నోరు గుర్తుపట్టినప్పుడు నవ్వేలాగే. నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఇది మేస్త్రీయేనా?"

"అవును."

"ఇప్పుడు ఇలా ఉన్నాడా?"

"ఉన్నాడు."

"మరి మీరు పంపిన ఫోటో?"

"అది ఫోటో కాదు. కంప్యూటరులో చేసింది. బొమ్మ చేసింది మేస్త్రీ కాదు. నేను." ఆగకుండా చెప్పేశాను. చీలిన మట్టి తలను కూడా చూపించాను.

వోరో టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "ముప్పై ఏళ్ళు మా మీద రాశారు. లెక్కలు దాచామని రాశారు, పందిరి కూలిందని రాశారు. తిట్టుకున్నాం, కానీ తప్పు రాశారని ఒక్కడూ అనలేకపోయాడు. అలాంటిది నాకే పంపారా రెమెయి గారూ? పుస్తకంలో వేశాను. నా పేరు కింద."

కంప్యూటరు మూశాను.

"పదండి," అన్నాడు. "మేస్త్రీని చూడాలి."

కేంద్రంలో నేను ఎప్పటిలాగే ఎడమవైపు కుర్చీలో కూర్చున్నాను. వోరోకి మిగిలింది కుడివైపు కుర్చీ. కాఫీ ఇచ్చారు. బతిస్తే తాగుతుంటే వోరో జేబులోంచి రుమాలు తీసి, మాట ఆపకుండానే, వాడి కుడి మూతి తుడిచాడు. తుడుస్తూనే ఉన్నాడు, మాట్లాడుతూనే ఉన్నాడు. మూడు నెలలుగా రోజూ వాడి పక్కన కూర్చుంటున్నాను. అటువైపు కారుతుందని నాకు తెలియదు.

"మేస్త్రీ, అక్కగారు మాకు అబద్ధం చెప్పారు," అన్నాడు.

"ఉప్పు," అన్నాడు బతిస్తే, నా వైపు వేలు చూపిస్తూ.

"అదే నేనూ అన్నాను. ఆ వంకర మూతి ఎవరు చేశారు?"

బతిస్తే ఎడమ చెయ్యి పైకెత్తాడు.

"ఏడ్చినట్టుందయ్యా," అన్నాడు వోరో. "పదకొండు మీటర్ల ఎత్తున అది పెడితే ఆడవాళ్ళంతా ఏడుస్తారు. మగాళ్ళు ముందు ఏడుస్తారు." రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సంఘం ముందు పెడతా. ఓటు వేయిస్తా. నేను మాత్రం మాటివ్వను."

జనవరి 12

హాజరు 31. అనుకూలం 19. వ్యతిరేకం 12.

వోరో ఫోన్: "స్వహస్తాలు అంటే రెండూ ఉండాలని ఒకడు లేచాడు. నీ పెళ్లి ఉంగరం ఒక్క చేతికే ఉంది, దానికి విలువ లేదా అన్నాను. కూర్చున్నాడు. పుస్తకంలో ఫోటో కింద సవరణ వేస్తున్నా. మీరే రాసిపెట్టండి. మీకు అలవాటేగా."

అలవాటు లేదు. రాశాను. నాలుగు పంక్తులు. నా మొదటి సవరణ.

జనవరి 20

ఫైలు పంపాం. అద్దం గుర్తు ఆరి ఉందో లేదో ఏడుసార్లు చూశాను.

ఫిబ్రవరి 9

తల వచ్చింది. పద్నాలుగు ముక్కలు, లారీలో. అతికించి నిలబెడితే రెండు మీటర్లు. థర్మోకోల్ తెల్లగా, మంచులా. తెర మీద నా అరచేయంత ఉన్నది ఇప్పుడు నన్ను మింగేలా ఉంది. కుడి పెదవి మూల నా భుజం అంత.

నేను ఎడమ బుగ్గ సానబట్టాను. కుడివైపు ఫీనా పట్టింది. "మార్చుకుందామా అక్కా?" అని అడిగింది. ఇటు అయిపోవచ్చింది అన్నాను. అయిపోలేదు.

మార్చి 16

నిన్న క్రేన్‌తో తల ఎక్కించారు. ఇవాళ కూడలిలో గుమ్మడికాయ బూరెల కొట్టు దగ్గర నిలబడి జనాన్ని చూశాను.

ఒక ముసలావిడ తన కోడలితో, "ఈసారి బతిస్తే నోరు ఎవరికి పెట్టాడే?"

"అదిగో అత్తా, పైన. ఈసారి వెతకక్కర్లేదు."

ఆవిడ తల ఎత్తి చాలాసేపు చూసింది. చేతిలో బూరె అలాగే ఉండిపోయింది. తర్వాత తన కుడి బుగ్గ తడుముకుంది. నేను చూస్తుండగా ఇంకో నలుగురు అదే చేశారు. చేస్తున్నట్టు వాళ్ళకి తెలియదు.

ఊరి ఫాయాల పోటీలో బహుమతి రాలేదు.

మార్చి 20

నిన్న రాత్రి కాల్చారు. బతిస్తే కర్ర పట్టుకుని నిలబడే చూశాడు, కుర్చీ వద్దన్నాడు. వోరో నిప్పు వాడి ఎడమ చేతికి ఇచ్చాడు. "కానివ్వు మేస్త్రీ." వాడు ఒత్తి వెలిగించాడు.

తల కూలడానికి నాలుగు నిమిషాలు పట్టింది. గాలి సముద్రం వైపు నుంచి వచ్చింది. ముందు ఎడమ సగం కరిగిపోయింది. నేను చెక్కిన సగం. కుడి సగం కాసేపు ఒంటరిగా నిలిచింది. చూడ్డానికి ఇంకేమీ మిగల్లేదు, కాబట్టి దాన్నే చూశాను.

"మేస్త్రీ నవ్వుతున్నాడు చూడక్కా," అంది ఫీనా. నేను మంటనే చూస్తున్నాను. చూడలేదు.

మార్చి 21

ఎలాది అడిగాడు, ఫైలు ఉందిగా, చిన్న బొమ్మ ఒకటి కోయించి ఇంట్లో పెట్టుకుందామా అని.

బతిస్తే కంప్యూటరు దగ్గరికి కర్రతో నడిచి వచ్చాడు. కలం తీసుకున్నాడు. ఫైలును పట్టుకుని చెత్తబుట్టలోకి లాగాడు. "ఉప్పు," అన్నాడు ఎలాదితో, మామూలుగా. ఇరవై ఆరేళ్ళలో చేసిన ఒక్క బొమ్మ కూడా వాడి ఇంట్లో లేదు.

నా దగ్గర ఇంకో కాపీ ఉంది. వాడికి చెప్పలేదు.

మార్చి 23

కాపీ తెరిచి రాత్రి భోజనం వేళ దాకా చూస్తూ కూర్చున్నాను. తెర మీద కుడివైపు చూడగలుగుతున్నాను. ఎంతసేపైనా. దగ్గరికి లాక్కుని కూడా.

మార్చి 24

కాపీ తుడిచేశాను. 9:10.

10:30కి వర్క్‌షాపు. రొట్టెలు, చేప, పల్లీలు. బల్ల దగ్గర నా చోటు ఎప్పుడూ వాడికి ఎడమవైపే. ఫీనా అక్కడ కూర్చుని ఉంది. లేవబోయింది. వద్దన్నాను. చుట్టూ తిరిగి అటువైపు వెళ్ళి కూర్చున్నాను.

వాడు నా వైపు తిరిగాడు. "ఉప్పు," అన్నాడు, టమాటా చూపిస్తూ. ఈసారి నిజంగా ఉప్పే కావాలి. నేనూ ఫీనా ఒకేసారి డబ్బా కోసం చెయ్యి చాపాం. డబ్బా పడింది. వాడు పగలబడి నవ్వాడు.

నలభై మూడో ఫోటో. 10:40. కుడివైపు నుంచి.

బతిస్తే, 51. స్ట్రోక్ తర్వాత అయిదు నెలలు. నవ్వుతున్నాడు.